ఎడమచేతి గ్లౌజు

ఇనుప పొన్ను ఉన్న కర్రతో గని పైకప్పును మూడుసార్లు తట్టి, ఎడమ అరచేతిని రాతికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. నాలుగడుగులు జరిగాడు. మళ్ళీ మూడు దెబ్బలు, మళ్ళీ అరచెయ్యి. ఇరవై ఆరేళ్ళుగా అతను చేసే పని ఇంతే. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. లోపల రాయి విడిపోయి ఉంటే బోలుగా పలుకుతుంది. అతను ఊ అంటేనే బొగ్గు తవ్వేవాళ్ళు లోపలికి అడుగు పెడతారు. గనిలో అందరూ అతన్ని చెవి బాబాయ్ అంటారు.

చెవి బాబాయ్‌కి చెవుడు.

అంతకుముందు రాతిని పేల్చే పనిలో ఉన్నప్పుడు కుడి చెవి పోయింది. తరువాత మెల్లగా ఎడమది. ఆ సంగతి భార్య ఒక్కతెకే తెలుసు. సాయంత్రాలు తలుపు గడియ పెట్టి, ఎదురుగా కూర్చుని, చప్పుడు లేకుండా పెదవులు మాత్రం కదిపి, ఏమన్నానో చెప్పమనేది. తప్పు చెబితే మళ్ళీ మొదలు. ఆమె పోయి రెండేళ్ళయింది. ఏటా జరిగే పరీక్షలో డాక్టరు కాగితం మీంచి తలెత్తకుండానే వినిపిస్తోందా అని అడుగుతాడు. అడిగేది ఎప్పుడూ అదొక్కటే కాబట్టి జవాబు చెప్పడానికి చెవులు అక్కర్లేదు. గనిలో ఎవరు మాట్లాడినా టోపీ దీపం వాళ్ళ మొహం మీదికి తిప్పుతాడు. పొగరనుకుంటారు. అనుకోనిచ్చాడు. కప్పు సంగతి అతనికి చేతితోనే తెలుస్తుంది. విడిపోయిన రాయి దెబ్బకు సన్నగా వణుకుతుంది.

ఇవాళ ఆ చేతికి గ్లౌజు ఉంది.

కూతురు కొనిచ్చింది. యూనివర్సిటీలో మైనింగ్ ఇంజనీరింగ్ మూడో ఏడు. పల్లెటూరి పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్ మీద చదువుతోంది. గనుల చదువే ఎందుకమ్మా అని ఇంటర్వ్యూలో అడిగితే, "మా నాన్న రాయితో మాట్లాడతాడు" అందట. పెద్దమనుషులు నవ్వి సంతకం పెట్టారు. ఆ స్కాలర్‌షిప్ నిలవాలంటే ఏటా ముప్పై రోజులు గనిలో శిక్షణ చెయ్యాలి. పూర్తి షిఫ్టు ఉండాలి. సగంలో పైకి వస్తే ఆ రోజు చెల్లదు. ఈ ఏడు తండ్రి గనిలోనే, అతని వెంటే చేస్తోంది. ఇవాళ ముప్పయ్యోది. గడువూ ఇవాళే.

ఇరవై తొమ్మిది రోజులూ గ్లౌజుల్ని జేబులోనే దాచాడు. పొద్దున దీపాల గది దగ్గర ఆమే తొడిగింది.

"ఆ చేతులు చూడు, బీటలు వారిన చేనులాగా. ఇవాళ తీశావంటే ఊరుకోను."

మీ అమ్మలాగే తయారయ్యావనబోయి మానుకున్నాడు.

కప్పుకు దన్నుగా దుంగలు నిలబెట్టే ఇద్దరు తండ్రీకూతుళ్ళను దాటి సొరంగం లోపలి పాయలోకి వెళుతూ ఆగారు.

"ఏం ఇంజనీరమ్మా, కప్పేమంటోంది? ఉంటానంటోందా, పోతానంటోందా?"

"మీరిద్దరూ కబుర్లు మానితే ఉంటానంటోంది."

"చూశావా బాబాయ్, నీ కూతురు అప్పుడే ఆఫీసరైపోయింది!"

అతను దీపం తిప్పి, వాళ్ళ పెదవులు చూసి, ఒక క్షణం ఆలస్యంగా నవ్వాడు.

వాళ్ళు వెళ్ళాక ఆమె తనే కర్ర తీసుకుని తట్టింది. ఆగింది. ఇంకోసారి తట్టింది.

"నాన్నా, ఇక్కడ బోలుగా పలుకుతోంది."

అతను కర్ర అందుకుని తట్టాడు. అరచెయ్యి ఆనించాడు. మందపాటి తోలు. ఏమీ తగల్లేదు. తగలకూడదనీ ఉంది. బాగాలేదంటే ఈ పాయ మూస్తారు, అందరినీ పైకి పంపుతారు. ఆమె రోజు పోతుంది. చదువు పోతుంది.

"ఏం లేదు. బాగుందని రాసుకో."

"తేడాగా వినిపించింది నాన్నా."

"ముప్పై రోజులకే చెవులొచ్చాయా నీకు?"

అన్నాక ఆ మాట అతని నోట్లోనే చేదుగా మిగిలింది. ఆమె తల వంచుకుని శిక్షణ డైరీలో రాసింది. రాసిన కాగితం మీద సన్నటి పొడి రాలింది. ఊదేసింది. మళ్ళీ రాలింది.

అతను గ్లౌజు వేలు పళ్ళతో పట్టి లాగాడు. వట్టి చెయ్యి రాతికి ఆనించాడు. ఈ సారి తట్టనక్కర్లేకపోయింది. ఈనబోయే పశువు డొక్కలా రాయి దానంతట అదే అదురుతోంది.

"పైకి పో."

"మరి నా రోజు?"

"నేను రాయిస్తాను. పో అంటుంటే!"

గ్లౌజు ఆమె చేతిలో కుక్కి, దుంగలవాళ్ళ కోసం లోపలికి నడిచాడు.

వాళ్ళు అక్కడ లేరు. దుంగ మూలగడం విని, చేతిలో పని వదిలేసి, వెనక దారిన చుట్టి అప్పుడే ఆమె దగ్గరికి వచ్చేశారు. అతని వీపు చూసి ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"బాబాయ్, మేం ఇక్కడున్నాం! వెనక్కి రా!"

అతను తిరగలేదు.

"నాన్నా!" అని ఆమె అరిచింది. చిన్నప్పటినుంచీ హాస్టళ్ళలో పెరిగింది. సెలవులకు వచ్చినప్పుడల్లా వెనకనుంచి పిలిస్తే పలకడు. నాన్నకు తనంటే పట్టదని ఏనాడో తేల్చుకుంది. ఇప్పుడూ ఒక్క క్షణం అదే అనుకుంది. రెండోసారి అరిచింది. మూడోసారి అరుస్తుండగా అర్థమైంది.

పరుగెత్తబోతే దుంగలవాళ్ళు రెక్క పట్టి ఆపారు. టోపీ ఊడబీకి దీపం ఊపింది. వీపుకు కళ్ళుండవు. అతను తడుతూ, అరచెయ్యి ఆనిస్తూ, ఎప్పటి నడకనే నడిచాడు. పాయ మలుపులో అతని వెలుతురు కాస్త కాస్తగా తగ్గింది. ఆ తరువాతి చప్పుడు మిగతా అందరికీ వినిపించింది.

సాయంత్రం ఆఫీసులో ముప్పయ్యో రోజుకు ఎదురుగా పూర్తి షిఫ్టు అని రాసి ముద్ర వేశారు. తండ్రి పోయిన పిల్లని దయ తలిచారు. ఆ పైన ఆమె చేతిరాత అలాగే ఉంది: పైకప్పు బాగుంది. డైరీ పక్కన బల్ల మీద ఎడమచేతి గ్లౌజు. కొత్త తోలు, మధ్యవేలి కొసన రెండు పంటిగాట్లు.