ఆయన ఫోనులో తన చక్కెర

“నీకేమైందిమే, నూట పద్నాలుగుండాది గదా!” హాల్లోంచే కేకేశాడు బెన్హర్.

రొయ్యలు వొలుస్తున్న రెజీనా చేతులు అప్పటికే వణుకుతున్నాయి. మెడ వెనక చల్లటి చెమట. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుంది గానీ టిఫిను తినలేదు. సాయంత్రం ఇంట్లో ప్రార్థన కూడిక, పాతికమందికి వంట. ముందు అత్త రెబెక్కమ్మకి ఇడ్లీ, తర్వాత మొగుడికి, ఆ తర్వాత రొయ్యలు. తన వంతు ఇంకా రాలేదు. కళ్లు తిరుగుతున్నాయని చెబితే ఆయన చూసింది ఆమె మొహం కాదు, ఫోను.

ఆమె ఎడమ జబ్బకి అంటించిన సెన్సరు రూపాయి బిళ్లంత ఉంటుంది. ఒంట్లో చక్కెర ఎంతుందో ఐదు నిమిషాలకోసారి ఆయన ఫోనుకి చెబుతుంది. ఆమె ఫోను పాతది, ఆ యాప్ ఎక్కలేదు. అందుకని తన ఒంట్లో ఏం జరుగుతోందో మొగుణ్ణి అడిగి తెలుసుకోవాల్సిన గతి పట్టింది. రెండోసారి అన్నం పెట్టుకుంటే “ఎక్కతా ఉండాది” అని హాల్లోంచి హెచ్చరిక. కాసేపు కూర్చుంటే “నంబరు బాగానే ఉండాదే!” అని ఆశ్చర్యం. నా కొడుకు పెళ్లాన్ని ఎంత బాగా చూసుకుంటున్నాడో అని పోయిన కూడికలో అత్త సాక్ష్యం కూడా చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు, రెజీనాతో సహా.

ఆ పూట రెజీనా వంటగట్టు పట్టుకుని నేల మీదికి జారిపోయింది. చప్పుడైతే గానీ ఎవరూ లేవలేదు. ఎదురింటి నర్సు షారన్ పరుగున వచ్చి వేలు పొడిచి చూస్తే, డెబ్బైకి తగ్గకూడనిది యాభై నాలుగు. బెన్హర్ ఫోనులో అప్పటికీ ఎనభై ఎనిమిదే ఉంది.

“ఇది రక్తాన్ని చూడదన్నా, చర్మం కింద నీళ్లని చూస్తాది,” అంది షారన్, గ్లూకోజు నీళ్లు పట్టిస్తూ. “రక్తంలో దిగిపోయినాక పది పదిహేను నిమిషాలకి గానీ దీనికి తెలీదు. అక్క ఒంట్లో బాగలేదంటే అక్క మాటే నమ్మాల, వేలు పొడిచి చూడాల. ఇంకోటి, ఆ చేతి మీద బరువేసి పడుకున్నా ఉత్తినే తక్కువ చూపిస్తాది.”

“అంత పెద్ద మిషనుకి తెలీంది మీ అక్కకి తెలస్తాదా?” నవ్వుతూనే అన్నాడు బెన్హర్.

“టిఫిను తినకుండా ఎవురుండమన్నారు దీన్ని?” అంది అత్త.

షారన్ వేలు పొడిచే మిషను రెజీనా దగ్గరే వదిలేసి వెళ్లింది. రెజీనా లేచి మిగిలిన రొయ్యలు వొలిచింది.

ఆదివారం గుడి నుంచి వచ్చి, వంట చేసి, గిన్నెలు తోమి, మధ్యాహ్నం నడుం వాల్చింది. ఎటు తిరిగి పడుకుందో కూడా తెలీలేదు. ఆయన ఫోనులో అలారం మోతకి మెలకువ వచ్చింది.

“యాభై ఎనిమిది! లేవొద్దుమే, కదలొద్దు!” అరిచాడు బెన్హర్. “అమ్మా, ఈ పూట టీ నువ్వే పెట్టు, దీనికి పడిపోయింది!”

వంటగదిలోకి పరుగెత్తాడు. రెజీనాకి చెమట లేదు, వణుకు లేదు. ఎడమ చెయ్యి మాత్రం కింద నలిగి తిమ్మిరెక్కింది. దిండు పక్కనున్న మిషనుతో వేలు పొడుచుకుంది. నూట నలభై ఒకటి. నాకేం కాలేదయ్యా అనబోయింది. లోపల ఆయన డబ్బాలన్నీ కెలుకుతున్న చప్పుడు. పెళ్లయి ఇరవై ఆరేళ్లయినా చక్కెర ఏ అరలో ఉంటుందో తెలీదు మహానుభావుడికి. ప్రాణం పోతుంటే కదలని మనిషి, బాగున్నప్పుడు ఇలా పరుగెత్తుతున్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది.

మిషను దిండు కిందికి తోసేసింది.

ఆయన వచ్చి ఆమె తల ఎత్తి పట్టుకుని గ్లాసు నోటికందించాడు. పెళ్లైన దగ్గర్నుంచి ఆ చేతులు అంత మెత్తగా తగిలింది లేదు. ఇప్పుడు చక్కెర నీళ్లు ఆమెకి విషంతో సమానం, గంటలో రెండొందల యాభై దాటుతుంది, అప్పుడు మళ్లీ తిట్లు. తెలిసే చివరి బొట్టు దాకా తాగింది.

“పడుకో. రాత్రికి వంట సంగతి నేను చూసుకుంటా.”

అలిసిపోయానని నోటితో చెబితే ఈ మనిషి చచ్చేదాకా నమ్మడు. ఆయన అటు తిరగ్గానే రెజీనా మళ్లీ ఎడమ పక్కకి ఒత్తిగిలి, చేతి మీద బరువంతా వేసి కళ్లు మూసుకుంది. ఇంకో గ్లాసు తాగాల్సి వస్తే తాగుతుంది.