రెండు పోగులు ఒకటి

నాకు కోపం జాస్తి. వేలూరులో నా బడిలో చదివిన ఏ ఆడపిల్లనడిగినా ఆ మాట చెప్తాది. మొన్న కొత్తగా చేరిన కమలాక్షి టీచరు నా క్లాసులోకి తొంగి చూసి, నల్లబల్ల పక్కన ఈ మగ్గం సామాను ఎందుకక్కా, బూజు పట్టి ఉండాది, తీసేయిద్దామా అనింది. వొళ్ళు మండింది నాకు. బూజు యాడుండాదో చూపించమని దాని చెయ్యి పట్టుకొని లాక్కొచ్చినా. రోజూ పొద్దున్నే నా పైట కొంగుతో తుడుస్తా దాన్ని. తర్వాత పాపం అనిపించి కూర్చోబెట్టి కాఫీ పోసి చెప్పినా. చెప్పిందే మళ్ళీ చెప్తాండా.

మాది గుడియాత్తం, నేతగాళ్ళ వీధి. ఇంట్లో తెలుగు, వీధిలో సగం తమిళం, బడిలో అంతా తమిళం. మా ఇంట్లో ఎవురికీ ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. మా నాయన జయరాములు లుంగీలూ తుండుగుడ్డలూ నేస్తాడు. మా అమ్మ రాజాంబాళ్ నూలు చుట్టి ఇస్తాది. నాకు ఆరేండ్లప్పట్నుంచీ ఒకటే పని, పడుగు పోగులు లెక్కపెట్టేది. మగ్గానికి దువ్వెన మాదిరి పన్నె అని ఒకటి ఉంటాది. దాని పళ్ళ సందుల్లో, ఒక్కో సందులో రెండేసి పోగులు దూర్చాల. గబగబా రెండు పోగులు వేలికి తగిలించుకొని ఒకటి, ఇంకో రెండు తగిలించుకొని రెండు, అట్ల పోతాది లెక్క. ఎన్ని వందలైనా ఒక్క జత తప్పేదాన్ని కాదు. చౌడేశ్వరి కూర్చుంటే పడుగులో తప్పుండదని మా వీధంతా అనేవాళ్ళు.

తెల్లోళ్ళ కొత్త రాజుకు పట్టాభిషేకమని బడుల్లో మిఠాయి పంచినారే, ఆ ఏడాది నన్ను బడిలో వేసినారు. ఎనిమిదేండ్లు నాకు. ఏడ్చి మొత్తుకుంటే మా నాయన ఒప్పుకున్నాడు, అదీ ఒక షరతు మీద. ఏడాది చివర వేలూరు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాడు గదా, ఆయన ముందర పాసైతే చూద్దాం, తప్పితే మాత్రం మళ్ళీ బడి పేరెత్తకుండా పడుగు ముందర కూర్చోవాల అన్నాడు. సరేనన్నా. లెక్కలంటే నాకేం భయం?

బడికి పోయినాక తెలిసింది నాకు లెక్కలే రావని.

మా వాద్యారు శంకరన్, విరించిపురం మనిషి, నలభైమంది పిల్లలకు ఆయనొక్కడే. చింతగింజలు కుప్ప పోసి, ఎన్నో లెక్కపెట్టి పలక మీద రాయమనేవాడు. రాస్తే తప్పు. నల్లబల్ల మీద గీతలు గీసి ఎన్ని అంటే, చెప్తే తప్పు. రోజూ తప్పే. పక్కనుండే పిల్లలు మక్కు, మక్కు అని ఎగతాళి చేసేవాళ్ళు. తమిళంలో మొద్దు అని. ఒకదాని జుట్టు పట్టుకొని వంచినా కూడా, దానికీ నాకే దెబ్బలు పడినాయి. ఇంట్లో వందల పోగులు తప్పకుండా లెక్కపెట్టే నేను ఈడ ముప్పై గింజలు లెక్కపెట్టలేనా? నా మీద నాకే అసహ్యమేసింది. ఇంటికొచ్చి ఎవురికీ చెప్పలేదు. చెప్తే ఆ పొద్దే బడి మాన్పిస్తారని భయం.

ఇన్‌స్పెక్టరు రావడానికి రెండు నెలలుండాయనంగా, ఒక సాయంత్రం వాద్యారు నన్ను పోనీకుండా ఆపినాడు. దెబ్బలకే అనుకున్నా. ఆయన నా పలకలోని తప్పులన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకొని ఉన్నాడు. నలభై గింజలకు ఇరవై రాసినా. ముప్పై గీతలకు పదిహేను చెప్పినా. పన్నెండుకు ఆరు. తప్పితే తప్పినావు గానీ, ఇంత క్రమంగా ఎట్ల తప్పుతావు నువ్వు అని అడిగినాడు. నాకేం తెలుసు? పద మీ ఇంటికి అన్నాడు.

దావంతా ఆయన ముందు, నేను వెనక. ఇంటికి పోతానే మా నాయన, సామీ రాండి అని తిన్నె మీద చాప వేసి, నన్ను చూసి, వచ్చినావు గదా ఆ పడుగు చూడమ్మా అన్నాడు. కూర్చుని లెక్కపెట్టినా. రెండు పోగులు, ఒకటి. రెండు పోగులు, రెండు. వాద్యారు కాసేపు నా వేళ్ళనే చూసినాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వినాడు. నవ్వి నవ్వి, కండువాతో కండ్లు తుడుచుకొని, పడుగు పక్కన నేల మీదే నా ముందర కూర్చున్నాడు. ఆయన తెలుగు వంకర టింకరగా ఉంటాది గానీ ఆ పొద్దు ఒక్కో మాటా నాకు సూటిగా తగిలింది.

"తప్పు నీది కాదమ్మా. నీ లెక్క చదివేది నాకు రాలేదు. నన్ను క్షమించు."

పెద్దమనిషి, ఎనిమిదేండ్ల పిల్లను క్షమించమని అడిగినాడు. టీచరుగా ఈ ముప్పై ఏండ్లలో నేను చూసిన ఏ టీచరూ ఆ మాట అనలేదు. నేనూ ఎన్నిసార్లన్నానో చెప్పమంటే సిగ్గేస్తాది.

పోయేటప్పుడు మా నాయనను ఒక పాత పన్నె, కాస్త చిక్కునూలు ఇమ్మని అడిగినాడు. మొత్తం ఎన్నేండ్లు పంపుతావు అమ్మాయిని అని కూడా అడిగినాడు. ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా సామీ అని మా నాయన నవ్వేసినాడు.

తెల్లారి బడికి పోయి చూస్తే నల్లబల్ల పక్కన మా పన్నె వేలాడతా ఉండాది. ఒక్కో సందులో ఒక్కటే పోగు. ఆరు పోగుల కింద ఆరు చింతగింజలు, వాటి కింద ఆరు గీతలు, ఆ కింద పలక మీద 6. వాద్యారు నా చెయ్యి పట్టుకొని పోగు మీద, గింజ మీద, గీత మీద, అంకె మీద వరసగా పెట్టించినాడు. అన్నీ ఒకే ఆరు, వేషాలే వేరు అన్నాడు. తర్వాత పక్కనే మా ఇంటి మాదిరి జతలు దూర్చి, మీ ఇంటి ఆరు ఇట్లుంటాది, బడి ఆరు అట్లుంటాది, రెండూ నిజమే, యాడ ఏది అడుగుతారో చూసుకో అన్నాడు. చీకట్లో ఎవురో దీపం తెచ్చి పెట్టినట్టుండింది నాకు. మక్కు అన్న పిల్లలు కూడా పోగులు దూర్చాలని నా చుట్టూ ఎగబడినారు. నేను దూర్చనిస్తానా, బతిమాలించుకున్నా.

ఇన్‌స్పెక్టరు వచ్చినాడు. పన్నె చూసి, ఇది బడా మగ్గమా అని మూతి విరిచినాడు. వాద్యారు చేతులు కట్టుకొని నిలబడినాడు. నా వంతు వచ్చింది. ఒక తుండుకు ఎనిమిది చారలైతే మూడు తుండ్లకు ఎన్ని అని అడిగినాడు. పావడ అంచు పట్టుకొని లెక్కేస్తా ఉంటే నా వేళ్ళు వాటంతట అవే జతలు పట్టబోయినాయి. విడదీసినా. ఇరవైనాలుగు అని చెప్పినా. పాసని కాగితం రాసిచ్చినాడు.

ఆ కాగితం ఎత్తుకొని పరిగెత్తుకుంటా ఇంటికి పోయినా. మా నాయన అటు తిప్పి, ఇటు తిప్పి, ఇందులో ఏం రాసినారో నాకేం తెలుసమ్మా అని నా చేతికే ఇచ్చేసినాడు. కొత్త పడుగు వచ్చి ఉండాది, కూర్చో అన్నాడు. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చినాయి. చదవలేకపోతే కాగితం అబద్ధమైపోతాదా? ఇంకో పన్నె తెచ్చి ఆయన ముందర పడేసి కూర్చున్నా. మూడు చోట్ల ఎనిమిదేసి జతలు దూర్చినా. ఇది మన లెక్క నాయనా అన్నా. పక్కనే మూడు చోట్ల ఎనిమిదేసి ఒంటిపోగులు దూర్చినా. ఇది బడి లెక్క, ఆడ ఒక పోగంటే ఒకటే అన్నా. కింద పలక మీద 24 రాసినా. మా నాయన కండ్లు మూసుకొని పోగుల మీద వేళ్ళు పోనిచ్చినాడు. జతలు ఒకసారి, ఒంటిపోగులు రెండుసార్లు. పలక మీద అంకెను కూడా వేలితో తడిమినాడు. లేచి మగ్గం గుంతలో దిగినాడు.

నాలుగు దినాలు బడికి పొమ్మనలేదు. నాలుగు దినాలూ పడుగు ముందరే ఉన్నా. అన్నం సహించలేదు.

అయిదో దినం పొద్దున మా నాయన ఒక కొత్త తుండు నా చేతికిచ్చినాడు. "ఎన్నేండ్లు పంపుతావని మీ వాద్యారు అడిగినాడే, ఆ జవాబు కొసన నేసినాను. చదువుకోమను" అన్నాడు.

వీధి మలుపు తిరగతానే మడత విప్పినా. తెల్లటి తుండు కొసన ఎర్రపోగులు పక్కపక్కనే ఉండాయి. ఇంటి గుడ్డ గనక ఇంటి లెక్కే లెక్కపెట్టినా. అయిదు. అయిదేండ్లు! మా బడిలో ఉండేదే అయిదో క్లాసు దాకా. కాళ్ళు నేల మీద ఆనలేదు నాకు.

వాద్యారు తుండును వెలుతురుకు పట్టి, గోరుతో ఒక్కో పోగూ కదిలించి, పది అన్నాడు. నేను నవ్వినా. కాదయ్యా, మా ఇంట్లో రెండు పోగులు ఒకటి గదా, మీరే మర్చిపోతే ఎట్లా, అయిదు అన్నా. ఆయన తల గోక్కొని, మళ్ళీ నేనే తప్పు చదివినాను చూడు అని నవ్వి, అయిదేండ్లకైనా ఆయనకు మొక్కి వస్తానని నాతో బయల్దేరినాడు.

మా నాయన మగ్గంలోనే ఉన్నాడు. అయిదేండ్లు పంపుతానన్నావు, చాలా సంతోషం జయరాములూ అన్నాడు వాద్యారు. మా నాయన పోగుల నడమ నాడె ఆడించేది ఆపలేదు, తలెత్తలేదు.

"మీకు రాసిన జవాబు సామీ, మీ లెక్కలోనే రాసినాను. పది. అయిదు ఈడ, తక్కిన అయిదు వేలూరులో."

వాద్యారు ఆ తుండును కండ్లకద్దుకున్నాడు. నేను పోయి మా నాయన వీపు మీద పడి ఏడ్చినా. నేత చెడిపోతాది లెయ్యమ్మా అన్నాడు గానీ, నన్ను పక్కకు తొయ్యలేదు.