దారం చుట్టిన ఎండుచేప

కొండ కింది సొరంగంలోకి వెళ్ళిన కాసేపటికే ఇంజన్ గురక పెట్టింది. దగ్గింది. ఆగిపోయింది.

వెనక లారీ హారన్ చెవులు బద్దలు కొట్టింది. ఉన్న కాస్త ఊపుతోనే కారును గోడవారకు లాగాను. కొని ఇంకా ఏడాది నిండని కారు.

"మళ్ళీనా తెసోప్?" అంది అమ్మ పక్క సీట్లోంచి. ఆమె ఒళ్ళో గుమ్మడి జావ డబ్బా ఉంది. అక్క కోసం కాచింది.

ఆ ఉదయమే సియోల్ ఆస్పత్రి నుంచి బావ ఫోన్ చేశాడు. వెంటనే రమ్మన్నాడు. యొన్‌హ్వా అక్క అతని చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"అమ్మ వచ్చేదాకా నేనెక్కడికీ పోనురా. నీ కారు ఇంకా ఊపిరి పీలుస్తోందా? లేకపోతే చెప్పు, నా ఆక్సిజన్ గొట్టం పంపిస్తా."

నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు వింటూనే మేం సొక్చోలో బయల్దేరాం.

అసలు కారు కొన్నదే అక్క కోసం. బస్సులో అమ్మకు కడుపులో తిప్పుతుంది. నెలనెలా సియోల్ వెళ్ళి రావాలి. కారు వచ్చిన రోజున అమ్మ నాలుగు టైర్ల మీదా మక్కొల్లి అనే బియ్యపు కల్లు పోసి మొక్కింది. మా అమ్మ బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. ఉన్నవాటిలో పెద్ద పొలాక్ చేపను ఏరి, తెల్ల కాగితంలో చుట్టి, తెల్ల దారంతో బానెట్ కింద కట్టింది. ఎండినా ఆ చేప కళ్ళు మూయదు. వచ్చే కీడును మనకంటే ముందే చూస్తుంది.

మొదటి సర్వీసులోనే మేనేజర్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చాడు.

"అమ్మగారూ, ఇంజన్ పక్కన ఇలాంటివి పెట్టకండి. నిప్పంటుకుంటుంది."

"సూప్ కాస్తున్నారేమో అనుకున్నాం!" అని లోపల ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. అమ్మ చేపను సంచిలో పెట్టుకుంది.

ఆ తర్వాత మొదలైంది గొడవ. ఎత్తు ఎక్కేటప్పుడల్లా ఇంజన్ ఆగేది. కాసేపు ఆగితే మళ్ళీ నడిచేది. సర్వీసుకు తీసుకెళ్తే ఏ లోపమూ దొరికేది కాదు.

"నా పక్కన కూర్చుని కొండెక్కించు, అప్పుడు తెలుస్తుంది!" అని మేనేజర్ మీద అరిచాను. ఎక్కించాడు. వెన్నలా ఎక్కింది.

"కారు బాగానే ఉంది సార్. మీ కాలే కొంచెం బరువేమో."

సొరంగంలో ఈసారి ఎంతసేపు ఆగినా ఇంజన్ నడవలేదు. చెడిన కార్లను లాక్కెళ్ళే లాగుడు బండి వచ్చేసరికి ఆలస్యమైంది. దాని ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. బావ. ఏడుపు వినిపించింది.

అమ్మ నా మొహం చూసింది. డబ్బా మీద అరచెయ్యి ఆనించి, "ఇంకా వేడిగానే ఉంది," అంది.

అంత్యక్రియలు అయ్యాక, లాగుడు బండివాళ్ళ షెడ్డు నుంచి కారు తెచ్చుకున్నాను. తాళం తిప్పగానే నడిచింది. దాన్ని తన్నాలనిపించింది.

ఇంటిముందు ఆపాను. అద్దం తుడిచే నీళ్ళు పోద్దామని బానెట్ ఎత్తాను. కారు కొన్నాక నేను బానెట్ ఎత్తడం అదే మొదలు.

చేప అక్కడ ఉంది.

దారం వదులై, పక్కకు జారింది. చుట్టిన కాగితం ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం నోటికి అతుక్కుని ఉంది. పెడల్ నొక్కినకొద్దీ ఇంజన్ దాన్నే లోపలికి లాక్కునేది. ముడి అమ్మది. సర్వీసుకు వెళ్ళే ముందు ప్రతిసారీ, "గొడుగు కార్లో మర్చిపోయాను, తాళం ఇవ్వు," అని కిందికి దిగిపోయేది. ఆ గొడుగు ఏమిటో ఇప్పుడు తెలిసింది.

చేపను చప్పున లాగి కోటు లోపల దాచాను.

"ఏమైందట దీనికి?" అమ్మ గుమ్మం దిగి వస్తోంది.

"ఏదో సెన్సారమ్మా. కంపెనీ తప్పు."

"అయితే తిట్టకు, ఒకటి చెప్తాను. చేపను నేనే మళ్ళీ కట్టాను. ఆ కుర్రాళ్ళు నవ్వుతారని ముందే తీసేసేదాన్ని. చూశావా, వెనక అంత లారీ వచ్చినా మనిద్దరికీ గీత పడలేదు." ఆమె చేతిలో కొత్త చేప, కొత్త దారం. "పాతది తీసి ఇది కట్టు."

"బానెట్ కింద వద్దు. డిక్కీలో పెడదాం."

"డిక్కీలో దానికేం కనిపిస్తుందిరా?"

బానెట్ దించబోయాను. అమ్మ నన్ను చూసింది. తర్వాత ఇంజన్ వైపు చూసింది. గొట్టం నోటి దగ్గర చిరిగిన తెల్ల కాగితం ముక్క ఒకటి మిగిలిపోయింది. గాలికి అల్లాడుతోంది.

"గాలి ఇందులోంచేనా పోయేది?"

"కాదు," అన్నాను. మరీ త్వరగా అన్నాను.

అమ్మ మెట్టు మీద కూర్చుంది. కొత్త చేపకు చుట్టిన దారాన్ని ఒక్కో చుట్టూ విప్పి, వేళ్ళకు చుట్టుకోసాగింది.

"జావ కాస్తూ కూర్చోకుండా," అంది, "ఆ రోజు బస్సెక్కి ఉండాల్సింది."