షర్బతు పాట

నేపుల్స్ నాటకశాలలో మూడో అంకం మొదటి పాటను ఎవరూ వినరు. సరిగ్గా ఆ వేళకు బాల్కనీ గదుల్లోకి నిమ్మకాయ షర్బతు వస్తుంది. చెంచాల గలగలలో, పాడుతున్న చిన్న గాయని గొంతు మునిగిపోతుంది. అందుకే దాన్ని షర్బతు పాట అంటాం. సంగీతకర్తలు దాన్ని శిష్యులచేత రాయించి చేతులు దులుపుకుంటారు. అటువంటి పాట మీద దొనాటో ఇర్పినో ఒక శీతాకాలమంతా వెచ్చించారు.

అప్పటికే లిస్బన్ నుంచి పీటర్స్‌బర్గ్ వరకు ఆయన ఆపెరాలు ఆడుతున్నాయి. నేను ఆయన పక్కన సెల్లో వాయించేవాణ్ణి. హార్ప్సికార్డ్ అనే మీటల వాద్యం మీద తెరచిన స్వరప్రతిని ఆయన భుజం మీదుగా చూస్తూ వాయించడం మా పద్ధతి. కనుక ఆ పాట తొలిసారి వినిపించిన సాయంత్రం ఆయన చేతులు ఏం చేశాయో నాకన్న దగ్గరగా చూసినవాడు లేడు.

తన కొత్త ఆపెరాకు అగ్రగాయకుడు చెలెస్తీనోను ఆయనే పట్టుబట్టి పిలిపించారు. చెలెస్తీనో ఏ ఊరు వెళ్లినా తన పెట్టెలో ఒక పాట మోసుకుపోతాడు: తుఫానులో చిక్కిన నావ పాట. సంగీతకర్త రాసినది నచ్చకపోతే దాన్ని తీసేసి ఇదే పాడతాడు. పదేళ్ల క్రితం, దొనాటో గురువు ఓత్తావియో గారి చివరి ఆపెరాలో వీడ్కోలు పాటను అలాగే తీసేశాడు. మొదటి మూడు ప్రదర్శనలకూ సంగీతకర్త స్వయంగా హార్ప్సికార్డ్ ముందు కూర్చోవాలన్నది మా కట్టుబాటు. తన పాటను చంపిన ఆ నావ పాటకు ఆ ముసలాయన మూడు సాయంత్రాలూ తన చేతులతోనే వాయించారు. ఆ తరువాత ఒక్క స్వరమూ రాయకుండా, ఆ శీతాకాలమే పోయారు.

దొనాటో ఆ ఆపెరా మూడో అంకంలో గురువుగారి ఆ వీడ్కోలు పాటనే పెట్టి, చెలెస్తీనోకు అందించారు. అతను ఒక పుట తిప్పి నవ్వాడు.

"ఇదేంటి మేస్త్రో, చావు కబురులా ఉంది? మీ అంత్యక్రియలకి దాచుకోండి. జనం వచ్చేది నా నావ కోసం."

"తమ చిత్తం, దొరా," అన్నారు దొనాటో.

వీధిలోకి వచ్చాక నా మోచేయి పట్టుకున్నారు. "చూశావా బియాజో? గుర్తు కూడా పట్టలేదు. మనిషిని చంపినవాడు కనీసం మొహమైనా గుర్తుంచుకోవద్దూ?"

"పోనివ్వండి మేస్త్రో. పదేళ్లయింది."

"నీకు పదేళ్లు. నాకు నిన్నే."

ఆ శీతాకాలం ముగిసేసరికి షర్బతు పాట తయారైంది. రాణిగారి దాసి వేషం వేసే అగాటా దాన్ని ఒకసారి కూనిరాగం తీసి ఆగిపోయింది.

"ఇది నావ పాటేగా మేస్త్రో! కాస్త నెమ్మదిగా ఉంది, అంతే."

"కాదమ్మా, గూట్లోంచి తప్పించుకున్న కోడి. తుఫాను గమకాలొచ్చిన చోటల్లా నువ్వు కోడిలా కొక్కొక్కో అనాలి."

"ఆ మహానుభావుడు నన్ను బతకనిస్తాడా?"

"నువ్వేం పాడతావో ఆయన ఎప్పుడైనా విన్నాడా?"

అగాటా ఫక్కున నవ్వింది. "పాటా? ఆరేళ్లుగా ఊరూరా ఆయన పక్కన నిలబడి ఏడుస్తున్నాను, నా పేరే తెలీదు. ఇలా తెండి ఆ కోడిని."

ఆమె అన్నది నిజం. షర్బతు వేళ చెలెస్తీనో చలిగాలి సోకకుండా చెవులదాకా శాలువా చుట్టుకుని తన గదిలో కూర్చుంటాడు. సాధనల్లో ఆ చిన్న పాటను దాటవేయడమే ఆనవాయితీ.

మొదటి ప్రదర్శననాడు షర్బతు వచ్చింది. అగాటా కోడి వెంట పరుగెత్తింది. చెంచాలు ఒక్కొక్కటే ఆగాయి. నేల తరగతి జనం కేకలు వేసి రెండోసారి పాడించుకున్నారు. మూడోసారికి తామే కొక్కొక్కో అందుకున్నారు.

వెంటనే బందీ వేషంలో సంకెళ్లతో, తురాయి ఊగుతుండగా, చెలెస్తీనో ప్రవేశించాడు. తీగవాద్యాలు తుఫాను లేపాయి. అతను నోరు తెరిచి తొలి గమకం తీశాడో లేదో, పైనుంచి ఎవడో అరిచాడు:

"ఒరేయ్, కోడి దొరికిందిరోయ్!"

నాటకశాల పగలబడి నవ్వింది. బాల్కనీలో ఒక రాజబంధువు షర్బతు గిన్నె ఒలకబోసుకున్నాడు. చెలెస్తీనో ఆగిపోయి, మెల్లగా వేదిక అంచుకు వచ్చి వంగాడు. రంగు కింద ముఖం పాలిపోయింది.

"మేస్త్రో, మీరిచ్చిన ఆ పాట ఇప్పించండి. స్వరప్రతి చూసి పాడతాను. మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆ పాట స్వరప్రతిలో తరువాతి పుటలోనే ఉంది. "తిప్పండి మేస్త్రో," అన్నాను గొంతు తగ్గించి. "పెద్దాయన పాట ఇవాళ ఊరంతా వింటుంది. మీకు కావలసింది అదేగా?"

దొనాటో చేయి పుట మూల దాకా వెళ్లింది. తరువాత ఆయన రెండు చేతులూ ఒడిలో ముడుచుకున్నారు.

"నా అంత్యక్రియలకి దాచుకోమన్నారుగా దొరా. దాచుకున్నాను. మీరు నావ పాటే పాడండి. మా గురువుగారు చివరిదాకా వాయించారు, నేనూ వాయిస్తాను."

వాయించారు. అటువంటి పాటల్లో మొదటి భాగం మళ్లీ వస్తుంది. ఆయన దాన్నీ వదలలేదు. కొక్కొక్కోల మధ్య చెలెస్తీనో మళ్లీ మొదటినుంచి మునిగాడు. మర్నాటికి అతని పెట్టెలు బండి ఎక్కాయి. అతను మళ్లీ నేపుల్స్‌లో పాడలేదు.

"ఆ ఒక్క పుట తిప్పాల్సింది," అని చాలాసార్లు అన్నాను.

"ఆ నోటితోనా?" అనేవారు దొనాటో. ఇంకెవరి నోటికీ ఇవ్వనూలేదు. అగాటా అడిగినా ఇవ్వలేదు.

ఆయన పోయినప్పుడు, వీలునామా ప్రకారం, ఎవరూ పాడకుండా ఆ పాట కాగితాలను శవపేటికలో నేనే పెట్టాను. ఆయన రెండు చేతులూ వాటి మీద ముడుచుకుని ఉన్నాయి, ఆ సాయంత్రం హార్ప్సికార్డ్ ముందు ముడుచుకున్నట్టే.