మెత్తగా వచ్చిన బన్ను

గోధుమ లేని పిండికి సొంత ఆకారం ఉండదు. ముద్ద కట్టదు, చేతికి అంటుకుంటుంది, వదిలేస్తే గంజిలా పక్కలకి జారిపోతుంది. అందుకని అల్యూమినియం కాగితాన్ని మడతలు పెట్టి బర్గర్ బన్నులకి గుండ్రటి కట్లు, హాట్‌డాగ్ బన్నులకి పొడుగాటి దోనెలు చేసుకుని వాటిలో వెయ్యాలి. బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి, జిగురు కోసం నానబెట్టిన ఇసబ్‌గోల్ పొట్టు, గుడ్లు, ఈస్ట్. పైన తడిచేత్తో నిమరాలి. ఆదివారం పొద్దున నేను ఆ పనిలో ఉండగా అత్తగారు వంటింట్లోకి తొంగిచూశారు.

"ఒక్కదానికోసం ఇంత తతంగమా అమ్మాయ్?"

ఆ ఒక్కదాన్ని నేనే. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆయనకి ఉప్పు లేకుండా వేరే వండాను. మావారికి ఉల్లిపాయ ముక్క కంటపడకూడదంటే రుబ్బి వేశాను. మా అమ్మాయికి రొట్టె అంచులు కోసి పెట్టాను. అప్పుడెవరూ తతంగం అనలేదు. అది వంట. నా నోటి దగ్గరికి వచ్చేసరికి తతంగమైంది.

ఏడాదిపాటు నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకే తెలీలేదు. తిన్నది నిలిచేది కాదు. జుట్టు దువ్వెన నిండా ఊడి వచ్చేది. నేను పనిచేసే కళ్ళద్దాల కొట్టులో, లెన్సు ఫ్రేములో బిగిస్తూ బిగిస్తూ కడుపు పట్టుకుని పరిగెత్తేదాన్ని. తిరిగొచ్చేసరికి యజమాని బాత్రూం గుమ్మం వైపు చూస్తూ, "మీకు కుర్చీ అక్కడే వేయిద్దామా?" అనేవాడు. అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని. చివరికి ఒక డాక్టరమ్మ పరీక్షలు చేయించి, గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు నా పేగుల్ని తినేస్తోందని చెప్పింది. పొడి రజను కూడా తగలకూడదు, జన్మంతా ఇంతే అంది. నేను ఏడవలేదు. ఊరట కలిగింది. నా బాధకి ఒక పేరుంది, నేను కల్పించుకున్నది కాదు.

ఆ ఊరట ఇంటి గుమ్మం దాకానే. "డాక్టర్లన్నాక ఏదో ఒకటి చెప్పాలి కదా, ఫీజు తీసుకున్నందుకు," అన్నారు మావారు. అత్తగారైతే వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు: "మా కోడలికి గోధుమ పడదట. ఎప్పట్నుంచో మేమూ పడం లెండి."

మొదట్లో నా బన్నులు రాళ్ళలా వచ్చేవి. మావారు ఒకదాన్ని బల్ల మీద టకటకా కొట్టి, "తలుపు గాలికి కొట్టుకోకుండా పెట్టుకోవచ్చు," అన్నారు. ఇంకోసారి లోపల పచ్చిగా ఉండిపోయాయి. అయినా చేస్తూనే ఉన్నాను. అందరితోపాటు కూర్చుని, అందరూ తినేది తిని, కడుపు నిండిందనిపించుకోవాలి. అంతకుమించిన కోరిక నాకేం మిగల్లేదు.

ఆ ఆదివారం మావారి స్నేహితులు కుటుంబాలతో భోజనానికొచ్చారు. వాళ్ళకి కొట్టులో కొన్న బన్నులు, నావి మూత డబ్బాలో విడిగా. వేయించడం, కోయడం, అందించడం, మళ్ళీ కావాలన్నవాళ్ళకి మళ్ళీ చేయడం. అందరివీ అయ్యాక కాళ్ళు లాగుతూ గోడకి ఆనుకుని నిలబడితే మావారే ఒక ప్లేటు తెచ్చి చేతికిచ్చారు.

"నీ బన్నుతోనే చేశాను. తిను."

పెళ్ళయ్యాక ఆయన నాకు ప్లేటు పెట్టివ్వడం అదే మొదటిసారి. కొరికితే బన్ను మెత్తగా ఉంది. పొడిపొడిగా రాలలేదు. ఇన్నాళ్ళకి కుదిరిందనుకున్నాను. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆఖరి ముక్క దాకా తిన్నాను.

అందరూ వెళ్ళిపోయాక, అత్తగారికి ఒకటి రుచి చూపిద్దామని డబ్బా మూత తీశాను. పొద్దున సర్దినవి సర్దినట్టే ఉన్నాయి. ఒక్కటీ తగ్గలేదు.

కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక వంటింటి గట్టు పట్టుకున్నాను.

"ఏమండీ, నాకు పెట్టిందేమిటి?"

సమాధానం అత్తగారు చెప్పారు, నవ్వుతూ. "తిని గంట దాటింది. ఏమైంది చెప్పు? గిన్నెలు కూడా తోముకున్నావు."

"అంతా నీ మనసులోనే ఉందని చూపిద్దామని," అన్నారు మావారు. "నీ మంచికే కదా."

సాయంత్రానికి నేను బాత్రూం నేల మీద ఉన్నాను. కడుపులో ఎవరో బట్టలు పిండుతున్నట్టుంది. వాంతి చేసుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. చల్లటి గచ్చుకి చెంప ఆనించి పడుకుంటే తలుపవతల అమ్మాయి ఏడుపు వినబడింది.

"అమ్మా, నాకు తెలుసు. నువ్వు తింటుంటే చూస్తూ ఉన్నాను. చెప్తే ఊరుకోనన్నాడు నాన్న."

నొప్పి కంటే ఆ మాట ఎక్కువ పిండింది. నా కూతురు అప్పుడే నేర్చేసుకుంది, ఇంట్లో ఆడది విషం తింటుంటే నోరు మూసుకుని చూడ్డం.

"నీ తప్పు కాదు," అన్నాను.

గోడ పట్టుకుని బయటికొచ్చేసరికి మావారు టీవీ ముందు కూర్చుని, నేను మధ్యాహ్నం చేసి మిగిల్చిన బర్గర్ తింటున్నారు. నన్ను చూసి, "మరీ అంత పడదనుకోలేదు," అన్నారు. కళ్ళు టీవీ మీదే ఉన్నాయి.

"ఇన్నేళ్ళూ నేనేం పెడితే అది తిన్నారు," అన్నాను. "అందులో ఏం కలిపావని ఒక్కరోజు అడగలేదు. అడిగే అవసరం మీకు రాలేదు. ఈ ఇంట్లో ఇకనుంచి నాకు ప్రతి ముద్దకీ ఆ అవసరం."

ఆయన చేతిలోని ముక్క నోటి దగ్గర ఆగిపోయింది. దాన్ని తిప్పి తిప్పి చూశారు.

గదిలోకెళ్ళి అక్కకి ఫోన్ చేశాను. రేపు వస్తున్నానంటే, ఎన్నాళ్ళుంటావే అంది.

"చూడ్డానికి కాదక్కా, ఉండడానికి."

అక్క మెల్లగా, "మరి అమ్మాయి?" అంది.

"దాన్ని అడిగి చెప్తాను," అన్నాను.