రొయ్యలు విన్న ఇంగ్లీషు

"ఏరు దాటి వచ్చినాడే, ఏమి తెచ్చెనే
కొంగు చాటున దాచినాదే, ఏమి దాచెనే…"

ఆ తర్వాతది బుల్లెమ్మకి ఎప్పుడూ గుర్తురాదు. అక్కడికొచ్చేసరికి మ్మ్ మ్మ్ అని రాగం తీస్తూ చెరువు గట్టు మీద చతికిలబడుతుంది. పాట వినడానికి రొయ్యలు మీసాలెత్తుకుని ఒడ్డుకి చేరతాయి. యానాం దగ్గర, గౌతమి పాయ పక్కనున్న ఆ చెరువులో అది మామూలే. మేత వేసేవాళ్ళు అందుకే అక్కడ బూతులు మాట్లాడరు.

ఆ నెల బుల్లెమ్మకి అనుమానం పట్టుకుంది. మనవరాలు అశ్విని రోజూ పదింటికల్లా ఫోన్ చెవికి పెట్టుకుని చెరువు దగ్గరికి పోతోంది. మాట్లాడేదంతా ఇంగ్లీషు. మామ్మ కనబడితే టక్కున ఆపేస్తుంది.

ఒకరోజు బుల్లెమ్మ మోటారు షెడ్డు వెనక నక్కి, ఉన్నట్టుండి బయటికొచ్చి ఫోన్ లాక్కుంది.

"ఎవడే వాడు?"

ఫోన్ ఆపేసి ఉంది. నల్లటి అద్దంలో తన ముఖమే కనిపించింది.

"ఎవడూ లేడు మామ్మా. ఇంటర్వ్యూకి ప్రాక్టీసు. కాకినాడ రొయ్యల కంపెనీలో ల్యాబ్ ఉద్యోగం. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ పేరు చెప్పి ఆగిపోయాను. మంగళవారం ఆఖరిసారంట."

"మరి చెవిలో ఫోనెందుకే?"

"ఒక్కదాన్నే మాట్లాడుకుంటే పిచ్చిదంటారు."

"ఇలాగైతే లవ్వంటారు. అది ఫర్వాలేదేంటి?"

అంతలో అశ్విని నాన్న హరిబాబు పరుగెత్తుకొచ్చాడు. చెరువు నిండా రొయ్యలు తేలి ఉన్నాయి. రొయ్య తేలిందంటే నీళ్ళలో ఆక్సిజన్ అందట్లేదని రైతు గుండె జారిపోతుంది.

"ఏరియేటర్లు వెయ్యండి, నీళ్ళకి గాలి అందాలి!" అని అరిచాడు.

"ఉండరా, పిల్ల మాట వింటున్నాయి."

"నీ పాటకొస్తాయమ్మా, ఒప్పుకుంటాను. రొయ్యలకి ఇంగ్లీషేంటి? ఏదో తేడా ఉంది!"

నీళ్ళు పరీక్ష చేయిస్తే అంతా బాగానే ఉంది. అయినా కూతుర్ని ఓరగా చూస్తూ, "నీ ఇంగ్లీషేదో ఇంట్లో చూసుకో" అన్నాడు. ఇంట్లో సిగ్నల్ ఎక్కడిది? ఇంటర్వ్యూ జరిగేదేమో వీడియోలో. గట్టు మీద తప్ప బొమ్మ కదలదు.

హరిబాబు మేత కొనడానికి వెళ్ళినప్పుడల్లా బుల్లెమ్మే మనవరాల్ని గట్టుకి తీసుకెళ్ళి పక్కన కూర్చునేది. పిల్ల వైపు ఓ కన్ను, నీళ్ళ వైపు ఓ కన్ను.

"ఏమే, నువ్వు తప్పు మాట్లాడితే అవి పోవట్లేదు. నోరు మూస్తే పోతున్నాయి."

"తప్పని నీకెలా తెలుసు?"

"నాలిక్కరుచుకుంటావుగా! చూడు, అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. రావులపాలెం అని బోర్డు కూడబలుక్కునే లోపు బస్సే వెళ్ళిపోయింది. చదవడం మానేశానా? వెనకొచ్చిన బస్సుది చదివాను."

మంగళవారం పదకొండింటికి ఫోన్‌లో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దాయన కనిపించాడు. జ్ఞానప్రకాశం గారట. బుల్లెమ్మ వీడియోలో పడకుండా పక్కన నిలబడింది. అశ్విని పేరు చెప్పింది. ఆగిపోయింది. వెనక నీళ్ళలో మీసాలు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. మామ్మ చెయ్యి చాపి చెరువు చూపించింది. అశ్విని తిరిగి చూసి, గబుక్కున ఏదో అనేసింది. మీసాలు మళ్ళీ లేచాయి, పిల్లకి నవ్వొచ్చింది. మాట సాగేకొద్దీ నీళ్ళు కనబడనన్ని రొయ్యలు.

జ్ఞానప్రకాశం గారు కళ్ళు చికిలించి ముందుకి వంగారు. అచ్చం హరిబాబు చూపే. రొయ్యలు చచ్చిపోతుంటే నవ్వుతున్నారేంటని ఆయన అడిగినట్టు అశ్విని తర్వాత చెప్పింది.

అప్పుడు మాట అందుకుంది పిల్ల. నీళ్ళలో ఉప్పు ఎంతో, ఆక్సిజన్ ఎంతో, మేత ఏ పూట ఎంతో. ఏడుసార్లు నాలిక్కరుచుకుంది, ఒక్కసారీ ఆగలేదు. మరి ఎందుకు తేలాయని ఆయన అడిగితే, వింటున్నాయండీ అని ఇంగ్లీషులోనే చెప్పింది. అనుమానం తీరినట్టు ఆయన తలూపి రాసుకున్నారు.

పది రోజులకి కాకినాడ బస్సు దగ్గర బుల్లెమ్మ సంచీ అందిస్తూ నిలబడింది.

"వాళ్ళు ఉద్యోగానికి నిన్ను చూసి పిలిచారో, మన రొయ్యల్ని చూసి పిలిచారో! నాకింకా అనుమానమే."

అశ్విని నవ్వలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి వంగి అంది:

"మామ్మా, అక్కడ నోరు పెగలకపోతే నీకు ఫోన్ చేస్తాను. నువ్వేం మాట్లాడకు. ఫోన్ నీళ్ళ వైపు తిప్పి పట్టుకో, చాలు."