మిడతల పెట్టెలు

రెండు పెట్టెలను గడ్డంతో అదిమిపట్టి, ఎల్డన్ కుచెరా మెట్లను కాలితో తడుముకుంటూ దిగుతున్నాడు. నవంబరు గాలి మొక్కజొన్న కోసిన చేలమీదుగా వచ్చి చెవులను కోస్తోంది. లారీ దగ్గర ఆగి, పెట్టెలను దుప్పట్ల మధ్య ఒద్దికగా సర్ది, మళ్లీ లోపలికి నడిచాడు.

యూనివర్సిటీ సామాన్లు మోయడం అతని ఉద్యోగం. పొట్టి మనిషి, లావుపాటి మెడ. ఏళ్ల తరబడి బీరువాలు మోసి కుడిభుజం కిందికి వాలిపోయింది. ఎన్ని సామాన్లు మోసినా ఎవరివో గుర్తుండవు. డాక్టర్ ఇనెజ్ థోర్సన్ పెట్టెలు మాత్రం వేరు. ఆవిడ పురుగుల ప్రయోగశాల విడిచి యూనివర్సిటీ ప్రెసిడెంటు అయినప్పుడు వాటిని పెద్దాఫీసుకు చేర్చింది అతనే. పదవి దిగాక ఈ ఇంటికి తెచ్చిందీ అతనే. ఇప్పుడివి లైబ్రరీలోని పాతకాగితాల విభాగానికి వెళ్తున్నాయి.

ముందుగదిలో కిటికీ పక్కన వేసిన మంచంమీద ఆవిడ పడుకుని ఉంది. ముక్కు దగ్గర ప్రాణవాయువు గొట్టం. చెయ్యి ఎండుకొమ్మలా ఉన్నా కళ్లు చురుగ్గానే ఉన్నాయి.

విభాగం చూసే గెయిల్ ప్రూయిట్ ముందే ఎల్డన్‌కు ఫోనులో చెప్పింది: ప్రెసిడెంటు కాలపు కాగితాలకే చోటుంది, పురుగుల కాగితాలు చెత్తగుట్టకు పంపమని. ఆ సంగతి ఈవిడకూ తెలుసు. ఎవరినీ ఏమీ అడగలేదు. చివరి పెట్టె ఎత్తుతుంటే మాత్రం నెమ్మదిగా అంది:

"ప్రెసిడెంటు పని ఎవరైనా చేసేవారే ఎల్డన్. సంతకాలేగా. ఆ మిడతల్ని మాత్రం నాలాగా ఎవరూ చూడలేదు."

ఎల్డన్ పెట్టెను గడ్డంకింద సర్దుకున్నాడు. మాటలు అతనికి ఎప్పుడూ చేతికందవు.

లారీ నడుపుతుంటే నాన్న చేను కళ్లముందు ఆడింది. అతని చిన్నప్పుడు మిడతలు మబ్బులా దిగి, మొక్కజొన్నకు మోళ్లే మిగిల్చి, చెమట ఉప్పుకోసం పార కర్రలను కూడా కొరికేశాయి. అప్పుడొచ్చింది, చదువు ముగించీ ముగించని ఈ ఇనెజ్. వేసవంతా వాళ్ల కొట్టంలో గడ్డిమీద పడుకుని, పగలంతా గట్లవెంట మోకాళ్లమీద పాకింది. ఊళ్లో మగవాళ్లు "పురుగుల పిల్ల" అని ఎగతాళి చేశారు. గుడ్లు గట్లలోనే ఉన్నాయి, పగిలి పిల్లలు వచ్చేలోగా గట్లు దున్నెయ్యండి అని ఆవిడ చెబితే విన్నది నాన్న ఒక్కడే. మరుసటేడు వాళ్ల చేను నిలిచింది. ఆ పై ఏడు ఊరంతా దున్నింది.

చెత్తగుట్టకు ఎడమకు తిరగాలి. ఎల్డన్ అన్ని పెట్టెలతోనూ కుడికి తిరిగాడు.

లైబ్రరీ వెనక సామాన్ల గుమ్మంలో గెయిల్ చేతులు కట్టుకుని నిలబడింది. "అన్నీ తెచ్చేశారేమిటి? వీటిని నా నెత్తిమీద పెట్టుకోవాలా?" అంది.

"ఒక్కటి తెరిచి చూడండమ్మా. చూశాక కూడా పారెయ్యమంటే నేనే పారేస్తా."

ఆవిడ విసుక్కుంటూనే లారీ ఎక్కింది. మూత తీసింది. ప్రతి నరమూ తీర్చి రంగులు అద్దిన మిడత రెక్కల బొమ్మలు. మట్టిలో గుడ్ల తిత్తులు. ఏ రైతు గట్టున, ఏ వాన తర్వాత, ఏ దిక్కుకు ఎగిరాయో చక్కటి దస్తూరీలో రాసి ఉంది. గెయిల్ ఇంకో పెట్టె తెరిచింది, ఇంకోటి. చలికి ముక్కు ఎర్రబడ్డా దిగలేదు. ఎల్డన్ అందించిన కాఫీ చల్లారిపోయింది.

"వీటిని వదిలేసి మీటింగుల కాగితాలు దాచబోయానా నేను," అని తనలో తనే అనుకుంది.

తర్వాత లోపలికెళ్లి పెద్ద లైబ్రేరియనుతో ఫోనులో పోట్లాడింది. ఆ గొంతు గుమ్మం దాకా వినిపించింది. పటాల గది ఖాళీ చేయిస్తానంది, కుదరదంటే తన గదే ఇస్తానంది. బయటికొచ్చేసరికి చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి.

"దించండి. మిడతలు ముందు, ప్రెసిడెంటుగిరీ వెనక."

చదువుకోవడానికి వచ్చినవాళ్లు కూడా కోట్లు విప్పి తలా ఓ చెయ్యి వేశారు. ఎప్పుడూ ఒంటరిగా మోసే ఎల్డన్ వరసకు ముందు నడిచాడు. ఆ రోజు అతని రెండు భుజాలూ సమంగా ఉన్నాయని గెయిల్ తర్వాత చాలామందికి చెప్పింది.

సాయంత్రం అతను మళ్లీ ఆ ఇంటికి వెళ్లాడు.

"అన్నీనా?" అంది ఆవిడ.

"అన్నీ డాక్టరమ్మా. మిడతలే ముందు వరసలో. మీ ప్రెసిడెంటుగిరీ వెనక్కి పోయింది."

ఆవిడ గొట్టం జారిపోయేలా నవ్వింది. మంచం పక్కనున్న నర్సు కోప్పడింది. "గెలిచాం పో," అని, ఎల్డన్ భార్య కట్టిచ్చిన గసగసాల రొట్టెలో చిటికెడు తుంచి నోట్లో వేసుకుంది. కిటికీవైపు తిరిగి కళ్లు మూసుకుంది.

ఎల్డన్ బయట లారీలో దుప్పట్లు మడుస్తుండగా నర్సు గుమ్మంలోకి వచ్చింది. కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని, "వెళ్లిపోయారు," అంది. అతను టోపీ తీసి లోపలికి వెళ్లాడు. ఆవిడ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా చెరిగిపోలేదు. అతనికి ఏడుపు రాలేదు. పంట ఇంటికి చేరిన రాత్రి నాన్న ముఖం ఎలా ఉండేదో, ఈ ముఖమూ అలాగే ఉందనిపించింది.

తిరిగొచ్చి చివరి దుప్పటి ఎత్తితే, దానికింద ఏ పెట్టెలోంచి జారిందో, పురుగులు పట్టే వల కనిపించింది. వెదురు పిడి అరచేతి రాపిడికి నల్లగా నిగనిగలాడుతోంది, వల అడుగున ఒక ఎండుగడ్డి పరక ఇంకా చిక్కుకునే ఉంది.